నడిచేవాళ్ళు, బండ్లు ఒకే వీధిలో ఉండాలంటే ఎలా డిజైన్ చేయాలి

షేర్డ్ స్ట్రీట్, అంటే నడిచేవాళ్ళూ బండ్లూ కలిసి వాడుకునే వీధి, అనగానే చాలామంది ఊహించుకునేది ఒకటే, ఫుట్‌పాత్ తీసేసి ఈ గోడ నుంచి ఆ గోడ దాకా ఒకే లెవెల్లో అందమైన రాళ్ళు పరిచేసి, నాలుగు మొక్కల కుండీలు పెట్టి, రెండు బెంచీలు వేస్తే పని అయిపోయిందని. రాళ్ళు పరచడం చిట్టచివరి పని అండి. అది ముందు చేసేసి స్పీడ్ సంగతి తర్వాత చూద్దాంలే అనుకున్న చోట ఏమవుతుందంటే, బండ్లు మధ్యలోంచి ఎప్పటిలాగే దూసుకుపోతాయి, నడిచేవాళ్ళు గోడకి అతుక్కుని నడుస్తారు. ఇదివరకు కనీసం ఫుట్‌పాత్ గట్టు అడ్డం ఉండేది, ఇప్పుడు అదీ పోయింది, పైగా డబ్బులు ఖర్చయ్యాయి.

కాబట్టి వరస ఇది: ముందు స్పీడ్, తర్వాత బండ్ల సంఖ్య, ఆ రెండూ దారికొచ్చాకే నేల సంగతి. కింద రాసిందంతా ఈ వరసలోనే ఉంటుంది. మీరు డిజైన్ చేసేవాళ్ళు కావచ్చు, స్టూడెంట్ కావచ్చు, మా వీధికి ఏదైనా చేయండి అని ఆఫీసుల చుట్టూ తిరిగేవాళ్ళు కావచ్చు, పద్ధతి మాత్రం అందరికీ ఇదే.

30 దగ్గర ఎందుకు ఆగాలి

ఒక చిన్న లెక్క చూడండి. గంటకి 30 కిలోమీటర్లంటే సెకనుకి 8 మీటర్ల పైచిలుకు. డ్రైవర్ ఎంత అలర్ట్‌గా ఉన్నా, పిల్లాడు కనపడ్డాక కాలు బ్రేక్ మీదకి రావడానికి ఒక సెకను పడుతుంది (చాలామందికి అంతకన్నా ఎక్కువే పడుతుంది), ఆ తర్వాత పొడి రోడ్డు మీద ఇంకో 5 మీటర్లు, మొత్తం 13 మీటర్లలో బండి ఆగిపోతుంది. అదే 50లో వస్తుంటే సెకనుకి దాదాపు 14 మీటర్లు. అంటే 30లో వచ్చిన బండి పూర్తిగా ఆగిపోయిన చోటికి 50లో వచ్చిన బండి ఇంకా బ్రేకే తొక్కకుండా వచ్చేస్తుంది, స్పీడ్ ఒక్క కిలోమీటరు కూడా తగ్గకుండా. దెబ్బలో ఉండే శక్తి స్పీడ్ స్క్వేర్‌తో పెరుగుతుంది కాబట్టి 30 కంటే 50లో గుద్దితే దాదాపు 2.8 రెట్ల దెబ్బ. 30లో గుద్దుకున్న మనిషి చాలావరకు బతుకుతాడు, 50లో ఆ గ్యారంటీ లేదు, ముసలివాళ్ళకైతే అస్సలు లేదు.

సగటు స్పీడ్ 1 శాతం పెరిగితే ప్రాణం తీసే ప్రమాదాల రిస్క్ దాదాపు 4 శాతం పెరుగుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తుంది. అదే సంస్థ లెక్క ప్రకారం 2021లో ప్రపంచం మొత్తం మీద రోడ్ల మీద పోయిన ప్రాణాలు దాదాపు 11.9 లక్షలు, అందులో ఐదో వంతు కంటే ఎక్కువ మంది నడిచేవాళ్ళే.

30 పెట్టి చూడటం ఊళ్ళకి కొత్తేమీ కాదు. ఆస్ట్రియాలోని గ్రాజ్ 1992లోనే ఇళ్ళుండే వీధులన్నిటికీ 30 పెట్టేసింది. ఫిన్లాండ్ రాజధాని హెల్సింకీలో సగానికి పైగా వీధులు 30 లోపే, అక్కడ 2024 జులై నుంచి ఏడాది పాటు రోడ్డు ప్రమాదంలో ఒక్క మనిషి కూడా చనిపోలేదు. బోర్డు ఒక్కటి పెట్టి వచ్చిన ఫలితం కాదది, వీధుల షేపే మార్చారు, కెమెరాలు పెట్టారు, బస్సులూ ట్రాములూ బాగా నడిపారు. కానీ మొదలు మాత్రం స్పీడ్ దగ్గరే.

ఇక బండ్లూ మనుషులూ నిజంగా కలిసిపోవాలంటే 30 కూడా ఎక్కువే. అప్పుడు 20 లోపు, కుదిరితే నడక స్పీడ్. నేనైతే 20 దాటే వీధికి షేర్డ్ స్ట్రీట్ అనే పేరే పెట్టను.

పెన్సిల్ పట్టుకునే ముందు వీధిలో నిలబడండి

స్పీడ్ కొలవడానికి రాడార్ గన్ ఏమీ అక్కర్లేదు. వీధిలో 50 మీటర్లు టేపుతో కొలిచి రెండు చివర్లా ఏదో ఒక గుర్తు పెట్టుకోండి, స్తంభమో గేటో ఏదైనా సరే. ఫోన్లో స్టాప్‌వాచ్ తీసుకుని బండి మొదటి గుర్తు దాటినప్పుడు నొక్కండి, రెండోది దాటినప్పుడు ఆపండి. 6 సెకన్లు పడితే 30, 9 సెకన్లు పడితే 20, మూడున్నర సెకన్లకే దాటేసిందంటే 50 పైనే. ముందు అడ్డం లేకుండా ఫ్రీగా వచ్చే బండ్లనే కొలవాలి, క్యూలో వెనక ఇరుక్కున్నవి లెక్కలోకి తీసుకోవద్దు. ఇలా ఒక 100 బండ్లు కొలిచి, ఎక్కువ స్పీడ్ నుంచి తక్కువకి వరసగా రాసుకుని, పైనుంచి 15వ బండి స్పీడ్ ఎంతో చూడండి. ఇంజనీర్లు 85వ పర్సెంటైల్ అనేది దాదాపు ఇదే. మీ డిజైన్ మార్చాల్సింది ఆ నంబర్‌ని, సగటుని పట్టుకుని సంబరపడితే లాభం లేదు, ఎందుకంటే చంపేది సగటు డ్రైవర్ కాదు కదా. ఇంకో మాట, పచ్చ జాకెట్ వేసుకుని క్లిప్‌బోర్డ్ పట్టుకుని రోడ్డు పక్కన నిలబడితే అందరూ బుద్ధిగా వెళ్తారు, కాబట్టి కనపడకుండా కూర్చోండి. రాత్రి పది తర్వాత కూడా ఒకసారి కొలవండి, రోడ్డు ఖాళీ అయ్యాక అసలు రంగు బయటపడుతుంది.

బండ్లు ఎన్ని వస్తున్నాయో రద్దీ గంటలో లెక్కపెట్టండి, బైకులు కూడా బండ్లే, వాటిని వదిలేయకండి. ఆ వీధిలో పని ఉండి వచ్చేవెన్ని, షార్ట్‌కట్ కోసం దూరేవెన్ని అనేది తెలుసుకోవడం అంతకంటే ముఖ్యం. దానికి ఇద్దరు మనుషులు చాలు, వీధి ఈ చివర ఒకరు ఆ చివర ఒకరు నిలబడి నంబర్ ప్లేట్లో చివరి నాలుగు అంకెలు, టైమ్ రాసుకోవడమే. ఇటు దూరిన నంబర్ రెండు మూడు నిమిషాల్లో అటు తేలిందంటే దానికి ఆ వీధితో పనేమీ లేదు, దాటిపోవడానికి వాడుకుంటోంది అంతే. చాలా వీధుల్లో ఈ లెక్క తీస్తే అక్కడివాళ్ళే నోరెళ్ళబెడతారు, ఎందుకంటే ట్రాఫిక్ అంతా తమదే అనుకుంటూ ఉంటారు.

తర్వాత నడిచేవాళ్ళ దారులు గీయండి. వీధి మ్యాప్ ఒక పేపర్ మీద పెద్దగా ప్రింట్ తీసి, అరగంట పాటు ప్రతి మనిషి ఎటు నుంచి ఎటు నడిచాడో గీత గీస్తూ పోండి. గీతలు దట్టంగా పడిన చోటే క్రాసింగ్ ఉండాలి. జీబ్రా ఎక్కడో వంద మీటర్ల అవతల గీసి జనం అక్కడికెళ్ళి దాటట్లేదని తిట్టడం దండగ, జనం ఎప్పుడూ దగ్గర దారే చూసుకుంటారు.

ఇక అందరూ మర్చిపోయేది, ఎవరు కనపడట్లేదో కూడా రాసుకోవాలి. ఒంటరిగా నడిచే చిన్నపిల్లలు ఉన్నారా, చేతికర్రతో వచ్చే ముసలివాళ్ళు ఉన్నారా, వీల్‌చెయిర్ ఒక్కటైనా వచ్చిందా. రాలేదంటే ఆ చుట్టుపక్కల అలాంటివాళ్ళు లేరని కాదు, ఆ వీధి వాళ్ళని ఇంట్లోనే కూర్చోబెట్టింది అని అర్థం.

ఏ వీధిని కలపొచ్చు, దేన్ని కలపకూడదు

నెదర్లాండ్స్‌లో డెల్ఫ్ట్ అనే ఊళ్ళో 1960ల చివర్లో మొదలైన పద్ధతి ఇది, ఇళ్ళ మధ్య వీధుల్లో కార్లు స్లోగా తప్ప పోలేకుండా నేలనే మార్చేశారు, 1976లో ఆ దేశం దీన్ని చట్టంలోకి తెచ్చింది. వాళ్ళ భాషలో వూనెర్ఫ్ అంటారు. అందులో పిల్లలు వీధి మధ్యలో ఆడుకోవచ్చు, బండి నడక స్పీడ్‌లో రావాలి. జర్మనీ 1980లో ఇలాంటిదే పెట్టుకుంది. స్విట్జర్లాండ్ 2002లో ఇంకొంచెం విశాలంగా ఆలోచించి షాపులుండే వీధులకి కూడా పనికొచ్చేలా 20 కిలోమీటర్ల జోన్ తెచ్చింది, అందులో నడిచేవాళ్ళదే ముందు హక్కు, కాకపోతే కావాలని బండ్లకి అడ్డం పడకూడదు, గీతలు గీసిన చోట తప్ప పార్కింగ్ ఉండదు. నాకు వీటన్నిటిలో స్విస్ రూలే బాగా నచ్చుతుంది, రెండు పక్షాలకీ చెప్పాల్సింది రెండు ముక్కల్లో చెప్పేసింది.

సంఖ్య విషయానికొస్తే, బ్రిటన్‌లో 2007లో వచ్చిన వీధుల డిజైన్ మాన్యువల్ ఒకటి రద్దీ గంటలో 100 బండ్ల లోపు ఉంటే ఒకే లెవెల్ వీధి బాగా పనిచేస్తుందని చెప్పింది. అది దాటేకొద్దీ జనం దాన్ని నడిచే చోటులా చూడటం మానేసి, దాటాల్సిన రోడ్డులా చూడటం మొదలుపెడతారు. 100 అంటే 36 సెకన్లకి ఒక బండి. ఒకసారి కళ్ళు మూసుకుని 36 సెకన్లు లెక్కపెట్టి చూడండి, ఎంత ప్రశాంతమైన వీధి గురించి మాట్లాడుతున్నామో తెలుస్తుంది.

మీ లెక్కలో గంటకి 400 వచ్చాయనుకోండి, అప్పుడు రెండే దారులు. ఒకటి బండ్లు తగ్గించడం. ఇందాక నంబర్ ప్లేట్ల లెక్కలో షార్ట్‌కట్ బండ్లు ఎక్కువని తేలితే వీధి మధ్యలో ఒకచోట బొల్లార్డ్‌లు (నేలలో పాతే పొట్టి స్తంభాలు) గానీ కుండీలు గానీ పెట్టి బండ్లకి అడ్డం కట్టేయండి, నడిచేవాళ్ళూ సైకిళ్ళూ దాటొచ్చు, ప్రతి ఇంటికీ కారు వెళ్ళొచ్చు, కాకపోతే వచ్చిన వైపే తిరిగి వెళ్ళాలి. దాటిపోయే ట్రాఫిక్ ఒక్క దెబ్బతో పోతుంది. బార్సిలోనా సూపర్‌బ్లాకులు ఇదే ఐడియాని దాదాపు 400 మీటర్ల చదరంలో చేశాయి, పెద్ద ట్రాఫిక్ చుట్టూ తిరిగిపోవాలి, లోపలికి వచ్చిన బండి దూరిన వైపుకే మళ్ళీ తేలుతుంది. స్పెయిన్‌లోనే పోంతెవేద్ర అనే చిన్న ఊరు 1999 నుంచి సెంటర్ మొత్తాన్ని ఇలా నడిచేవాళ్ళ చేతికిచ్చేసింది. బండ్లు తగ్గించాలని వీధిని వన్‌వే చేసేసి ఊరుకోవడం మాత్రం డేంజర్, ఎదురు బండి రాదని తెలిసిన డ్రైవర్ ఇంకా గట్టిగా తొక్కుతాడు, వన్‌వే చేస్తే కింద చెప్పే మలుపులు తప్పనిసరి.

రెండో దారి, కలపకపోవడం. బస్సులు, లారీలు, ఊరి ట్రాఫిక్ మోసే పెద్ద రోడ్డుని షేర్డ్ స్ట్రీట్ చేయాలని చూడొద్దు. దానికి మంచి ఫుట్‌పాత్, తరచుగా క్రాసింగులు ఇవ్వండి, అది కూడా సేఫ్ వీధే, అందులో నామోషీ ఏమీ లేదు.

ఇక్కడ ఎవరో ఒకరు హాన్స్ మోండర్మాన్ పేరు తీస్తారు. డచ్ ట్రాఫిక్ ఇంజనీర్, 2008లో పోయారు. డ్రాక్టెన్ ఊళ్ళో రోజుకి 20 వేలకు పైగా బండ్లు తిరిగే జంక్షన్లో సిగ్నళ్ళు పీకేయించి, విజిటర్లు వస్తే ఆ ట్రాఫిక్‌లోకి వెనక్కి వెనక్కి నడిచి చూపించేవారు, బండ్లు ఆయన చుట్టూ తిరిగి పోయేవి. కథ బాగుంది కానీ దాన్ని బోర్డులూ సిగ్నళ్ళూ పీకేస్తే చాలు అని అర్థం చేసుకున్నవాళ్ళు ఎక్కువైపోయారు. అక్కడ చేసింది నిజానికి ఒక రౌండబౌట్, బండి ఎటు నుంచి వచ్చినా వంపు తిరగక తప్పదు, అందుకే స్లో అవుతుంది. సిగ్నల్ పీకే ముందు ఆ వంపు కట్టాలి.

డ్రైవర్ కాలు దానంతట అదే బ్రేక్ మీదకి వెళ్ళాలి

ఇదే అసలు పని, ఎక్కువ టైమ్ దీనికే పెట్టండి. స్పీడ్ బోర్డుని చూసి స్లో చేసేవాళ్ళు ఎలాగూ స్లోగానే వెళ్తారు. మిగతావాళ్ళకి వీధి షేప్ చెప్పాలి.

ఎంట్రన్స్ నుంచి మొదలుపెట్టండి. పెద్ద రోడ్డు మీద నుంచి చిన్న వీధిలోకి తిరిగే చోట పెద్ద రోడ్డు ఫుట్‌పాత్‌ని ఆపకుండా అదే లెవెల్లో, అదే రాళ్ళతో అడ్డంగా కొనసాగించండి, అప్పుడు బండే ర్యాంప్ ఎక్కి ఫుట్‌పాత్ దాటి లోపలికి రావాలి, నడిచేవాళ్ళు దిగి ఎక్కే పని ఉండదు. ఎవరి చోట్లోకి ఎవరు వస్తున్నారో బోర్డు లేకుండానే తెలిసిపోతుంది. ఎంట్రన్స్ ఇరుకుగా కూడా ఉండాలి, ఒక బండి పట్టేంత.

మూల వంపు తగ్గించండి. జంక్షన్ మూలల్లో ఫుట్‌పాత్ అంచు పెద్ద వంపుతో, 10–12 మీటర్ల రేడియస్‌తో కడితే కార్లు బ్రేక్ తొక్కకుండా మలుపు తీసుకుంటాయి, పైగా నడిచేవాళ్ళు దాటాల్సిన దూరం కూడా అంత పెరుగుతుంది. 3 నుంచి 5 మీటర్లు చాలు. లారీ ఎలా తిరుగుతుంది అని అడుగుతారు తప్పకుండా, రోజుకి ఒకసారి వచ్చే లారీ ఎదురు వైపు కొంచెం వాడుకుని నెమ్మదిగా తిరుగుతుంది, దాని కోసం రోజంతా కార్లకి స్పీడ్ మలుపు కట్టిపెట్టక్కర్లేదు.

తిన్నగా కనపడే దూరం తగ్గించండి. వీధి ఈ చివర నుంచి ఆ చివరకి తిన్నగా కనపడితే కాలు యాక్సిలరేటర్ మీదకే పోతుంది. 30–50 మీటర్లకొకసారి బండి దారి పక్కకి జరగాలి, దానికి గోడలు కట్టక్కర్లేదు, పార్కింగ్‌ని కాసేపు ఎడమ వైపు కాసేపు కుడి వైపు పెట్టినా చాలు, లేదా చెట్టు, బెంచీ, సైకిల్ స్టాండ్, పిల్లలు కూర్చునే దిమ్మె, ఏదైనా సరే. పెయింట్ గీతతో మలుపు గీస్తే మాత్రం ఎవడూ పట్టించుకోడు, దాని మీద నుంచే తిన్నగా పోతారు, మలుపుకి ఒళ్ళు ఉండాలి. దాంతోపాటు ఆ వస్తువు వెనక పిల్లాడు దాక్కునేంత ఎత్తు కూడా ఉండకూడదు, మోకాలి ఎత్తు పొదలు సరే, ఛాతీ ఎత్తు పొదలు వద్దు. చెట్టయితే కాండం సన్నగా ఉండి కొమ్మలు తల పైన మొదలవ్వాలి.

వెడల్పు. సిటీ వీధిలో ఒక లేన్‌కి 3 మీటర్లు సరిపోతుంది, మూడున్నర దాటి ఇస్తే హైవే అనుకుంటారు. షేర్డ్ వీధిలో అయితే మొత్తానికే ఒక బండి దారి పెట్టి, మధ్యమధ్యలో ఎదురెదురుగా వచ్చిన రెండు బండ్లు తప్పుకునే చోట్లు ఇవ్వండి. ఒకరి కోసం ఒకరు ఆగాల్సి రావడం ఇక్కడ లోపం కాదు, కావాలని పెట్టిందే. ఫైరింజన్ కోసం మాత్రం సుమారు 3.7 మీటర్ల వెడల్పు ఎక్కడా గట్టి వస్తువు లేకుండా ఖాళీగా ఉంచాలి. డ్రాయింగ్ దశలోనే ఫైర్ డిపార్ట్‌మెంట్ వాళ్ళని పిలిచి చూపించండి, కట్టాక పిలిస్తే పగలగొట్టమంటారు.

ఇక స్పీడ్ బ్రేకర్లు. పొట్టిగా నిక్కబొడుచుకుని ఉండే బ్రేకర్లు ఎవరికీ మంచివి కావు, బైక్ వాడి నడుము, సైకిల్ వాడి బ్యాలెన్స్, అంబులెన్స్‌లో పడుకున్న మనిషి, అందరికీ ఇబ్బందే, పెద్ద చక్రాల కారు మాత్రం హాయిగా ఎగిరిపోతుంది. బ్రిటన్‌లో రోడ్ల రీసెర్చ్ ల్యాబ్ 1970ల్లో లెక్కగట్టి తయారుచేసిన హంప్ 3.7 మీటర్ల పొడవు, 10 సెంటీమీటర్ల ఎత్తు, గుండ్రంగా ఉంటుంది, నెమ్మదిగా వెళ్తే అస్సలు తెలియదు, స్పీడ్‌గా వెళ్తేనే తంతుంది. బస్సులూ అంబులెన్సులూ వెళ్ళే వీధిలో కుషన్లు పెట్టండి, అంటే రోడ్డు మొత్తం అడ్డంగా కాకుండా చతురస్రంగా ఉండే దిమ్మెలు, వెడల్పు బండి చక్రాలు అటూఇటూ దిగి పోతాయి, కారు మాత్రం ఎక్కాల్సిందే. ఒక్క హంప్ కట్టి వంద మీటర్ల ఖాళీ వదిలితే మధ్యలో మళ్ళీ తొక్కుతారు, ఆ తొక్కుడు శబ్దం వల్ల వీధిలోవాళ్ళు తీసేయమని గొడవ చేస్తారు. కడితే వరసగా కట్టండి, లేదంటే మలుపుల మీదే ఆధారపడండి.

గరుకు రాళ్ళు స్పీడ్ తగ్గిస్తాయన్నది నిజమే, కానీ వీల్‌చెయిర్‌కి, చేతికర్రకి నరకం, టైర్ల శబ్దం కూడా ఎక్కువ. గరుకుది బండి చక్రాల దారిలో మాత్రమే వేసి నడిచే దారి నున్నగా ఉంచండి. తడిస్తే జారని రాయి అయ్యుండాలి, పాలిష్ గ్రానైట్ వీధిలో వేయడం అంటే ఆసుపత్రికి పేషెంట్లని పంపడమే.

కంటిచూపు మీద నడిచే డిజైన్ చూపు లేనివాళ్ళకి పనికిరాదు

షేర్డ్ స్ట్రీట్ సిద్ధాంతంలో ఒక పెద్ద కన్నం ఉంది. డ్రైవరూ నడిచే మనిషీ ఒకరి కళ్ళలోకి ఒకరు చూసుకుని సర్దుకుంటారు అనేది దాని ప్రాణం. మరి చూపు లేని మనిషి? లండన్‌లో ఎగ్జిబిషన్ రోడ్‌ని 2012లో ఒకే లెవెల్లో గళ్ళ రాళ్ళతో తెరిచారు, ఫొటోల్లో అద్భుతంగా ఉంటుంది, కానీ ఫుట్‌పాత్ అంచు లేకుండా ఎక్కడ నడవాలో ఎలా తెలుస్తుందని చూపు లేనివాళ్ళ సంఘాలు ముందు నుంచీ పోరాడుతూనే ఉన్నాయి. ఇలాంటి గొడవలు పెరిగి పెరిగి 2018లో బ్రిటన్ ప్రభుత్వం ట్రాఫిక్ ఉండే చోట ఒకే లెవెల్ షేర్డ్ వీధుల కొత్త పనుల్ని ఆపమని స్థానిక సంస్థలకి చెప్పాల్సి వచ్చింది. ఆ గొడవంతా డ్రాయింగ్ దశలో ఓ పదిమందిని పిలిచి అడిగి ఉంటే చాలావరకు తప్పేది.

చేయాల్సింది ఏంటంటే, వీధి ఎంత కలిసిపోయినా రెండు పక్కలా గోడ వెంట ఒక సేఫ్ దారి ఉండాలి, బండి ఎప్పుడూ అందులోకి రాలేనిది. కనీసం 1.8 మీటర్లు ఉంటే రెండు వీల్‌చెయిర్లు ఎదురెదురుగా వచ్చినా తప్పుకోగలవు. ఆ దారిలో షాపు బోర్డు, కుర్చీ, స్తంభం, పార్క్ చేసిన బైక్ ఏదీ ఉండకూడదు. దాని అంచు కాలికీ కర్రకీ తెలియాలి. లండన్ యూనివర్సిటీ కాలేజ్ వాళ్ళు చూపు లేనివాళ్ళతో రకరకాల ఎత్తులు నడిపించి చూస్తే 6 సెంటీమీటర్ల గట్టు ఉంటే నమ్మకంగా గుర్తుపడుతున్నారని తేలింది. 2 సెంటీమీటర్ల గట్టు కట్టడం అన్నిటికంటే చెత్త ఐడియా, చూపు లేనివాళ్ళకి అందదు, వీల్‌చెయిర్‌కి మాత్రం అడ్డం పడుతుంది. గట్టు వద్దనుకుంటే మంచి వెడల్పున్న గరుకు పట్టీ వేసి, అక్కడివాళ్ళని నడిపించి చూశాకే ఫైనల్ చేయండి.

కాలికి తగిలే బుడిపెల టైల్స్ గురించి కూడా చెప్పాలి. జపాన్‌లో సెయీచీ మియాకే 1965లో కనిపెట్టారు, 1967లో ఒకాయామాలో మొదటిసారి రోడ్డు మీద వేశారు. గుండ్రటి బుడిపెలంటే ఆగు, ముందు ఏదో ఉంది అని, పొడుగు గీతలంటే ఇటు నడువు అని. ఈ రెండిటినీ అందం కోసం కలిపి డిజైన్లు వేసేవాళ్ళు, గీతల్ని తీసుకెళ్ళి స్తంభానికి గుద్దించేవాళ్ళు కోకొల్లలు. వేస్తే సరిగ్గా వేయండి, లేకపోతే అసలు వేయకపోవడం నయం. రంగు కూడా చుట్టూ నేలకి భిన్నంగా ఉండాలి, కొంచెం చూపు ఉన్నవాళ్ళకి రంగే దారి చూపిస్తుంది.

ఎలక్ట్రిక్ బండ్లు నెమ్మదిగా వెళ్ళేటప్పుడు చప్పుడే చేయవు, మనకి కావాల్సింది నెమ్మదైన వీధే కాబట్టి సమస్య ఇక్కడే ఎక్కువ. యూరప్‌లో 2021 నుంచి కొత్త ఎలక్ట్రిక్ కార్లన్నీ 20 లోపు స్పీడ్‌లో శబ్దం చేయాల్సిందే అని రూల్ ఉంది. ఆ రూల్ ఉన్నా లేకపోయినా మీ గోడ పక్క దారిని చెవుల మీద ఆధారపడకుండా డిజైన్ చేయండి.

బొల్లార్డ్‌ల మధ్య ఖాళీ 1.2 మీటర్ల దాకా ఉండాలి, అప్పుడే వీల్‌చెయిర్ సులువుగా పడుతుంది. బైక్ కూడా పడుతుంది, ఆ మాట నిజమే. వీల్‌చెయిర్‌ని రానిచ్చి బైక్‌ని ఆపే బొల్లార్డ్ ఇంకా పుట్టలేదు, బైకులు ఆపాలని ఖాళీ తగ్గిస్తే నష్టపోయేది చక్రాల కుర్చీ మనిషే. బైక్‌ల సంగతి మలుపులతో, నిఘాతో చూసుకోండి.

కలపలేని రోడ్డుని దాటించడం

జీబ్రాని హంప్ మీద ఎక్కించేయండి, ఫుట్‌పాత్ లెవెల్లోనే నడిచి దాటేస్తారు, బండి ఎక్కి దిగుతుంది. క్రాసింగ్‌కి ముందు కనీసం 5–6 మీటర్లు పార్కింగ్ లేకుండా చేయండి, నిలబెట్టిన వ్యాన్ వెనక నుంచి బయటికొచ్చే పిల్ల డ్రైవర్‌కి కనపడేది అప్పుడే. "నో పార్కింగ్" రాస్తే ఆగరు, అక్కడ ఫుట్‌పాత్‌నే ముందుకి పెంచండి లేదా సైకిల్ స్టాండ్ పెట్టేయండి. ఒకేసారి రెండు దిక్కుల ట్రాఫిక్ దాటాల్సి వస్తే మధ్యలో ఐలాండ్, 2 మీటర్ల వెడల్పుకి తగ్గకుండా, లేకపోతే పిల్లల బండి చక్రాలు రోడ్డు మీదే ఉంటాయి.

సిగ్నల్ ఉంటే టైమ్ సరిచూడండి. మామూలుగా నడక సెకనుకి 1.2 మీటర్లని లెక్కేస్తారు, ముసలివాళ్ళది 0.8 దాకా ఉంటుంది. 14 మీటర్ల రోడ్డు మొదటి లెక్కలో 12 సెకన్లు, రెండో లెక్కలో పదిహేడున్నర. ఆ ఐదున్నర సెకన్లు ఎవరికి ఇవ్వట్లేదో ఆలోచించండి. ఇంకొక సులువైన ట్రిక్, నడిచేవాళ్ళకి గ్రీన్‌ని బండ్ల కంటే 3 నుంచి 7 సెకన్లు ముందు ఇవ్వడం, మలుపు తిరిగే బండి కదిలేసరికి మనుషులు రోడ్డు మధ్యలో కళ్ళెదురుగా ఉంటారు. దీనికి సివిల్ పని ఏమీ లేదు, కంట్రోలర్‌లో సెట్టింగ్ మార్చడమే.

ఫుట్‌ఓవర్ బ్రిడ్జి గురించి నా మాట సూటిగా చెప్తాను, ఊరి మధ్యలో అది బండ్ల కోసం కట్టేది, నడిచేవాళ్ళ పేరు చెప్పి. ఐదారు మీటర్లు ఎక్కి దిగేకంటే జనం కింద నుంచే పరిగెడతారు, మోకాళ్ళు నొప్పున్నవాళ్ళకి ఎక్కే ఛాన్సే లేదు. రోడ్డు పక్క ఇనుప రెయిలింగులు కూడా అంతే, లండన్‌లో కెన్సింగ్టన్ హై స్ట్రీట్‌లో వాటిని తీసేసి క్రాసింగులు సూటిగా చేశాక నడిచేవాళ్ళ ప్రమాదాలు తగ్గాయి.

కట్టే ముందు ఉత్తుత్తిగా కట్టండి

కోన్లు, కుండీలు, పెయింట్, ఇసుక మూటలతో మీ డిజైన్‌ని నేల మీద నిజమైన సైజులో పెట్టి కొన్ని వారాలు వదిలేయండి. న్యూయార్క్ 2009లో టైమ్స్ స్క్వేర్‌లో బ్రాడ్‌వేని బండ్లకి మూసినప్పుడు మొదట్లో వేసింది మడత కుర్చీలే, పర్మనెంట్ పని తర్వాతెప్పుడో జరిగింది. ట్రయల్‌లో ఉండే గొప్పతనం ఏంటంటే వాదనలు అక్కడితో ఆగిపోతాయి. చెత్త బండి తిరగదు అన్నవాళ్ళకి తిరిగి చూపించొచ్చు, తిరగకపోతే కోన్ అరడుగు జరపొచ్చు, కాంక్రీట్ అయితే జరపలేం. అదే స్టాప్‌వాచ్‌తో అదే 50 మీటర్లు మళ్ళీ కొలవండి. 15వ బండి ఇంకా 35లోనే ఉందంటే డిజైన్ సరిపోలేదు, ఇంకో మలుపు కావాలి, బోర్డు కాదు.

డెలివరీ బండ్లకి ఆగే చోటు ఇవ్వకపోతే గోడ పక్క సేఫ్ దారిలోనే ఆగుతాయి, కాబట్టి ముందే గీసి పెట్టండి. లైట్లు 4–6 మీటర్ల ఎత్తులో, మనిషి ముఖం కనపడేలా ఉండాలి. ఒకే లెవెల్ వీధిలో వాన నీళ్ళు ఎటు పోతాయో పైపుల వాళ్ళతో కూర్చుని తేల్చుకోండి, నీటి కాలువని సేఫ్ దారి అంచునే పెడితే కర్రకి దొరికే గీతగా కూడా పనికొస్తుంది, రెండు పనులు ఒకే ఖర్చులో. జాలీ రంధ్రాలు మాత్రం సన్నగా, నడిచే దిశకి అడ్డంగా ఉండాలి, లేకపోతే కర్ర మొనా, సైకిల్ చక్రం అందులో ఇరుక్కుంటాయి.

తెరిచాక మూడు నెలలకి ఒకసారి, ఏడాదికి ఒకసారి మళ్ళీ కొలవాలి. యాక్సిడెంట్ల లెక్క కోసం ఎదురుచూస్తే ఏళ్ళు పడుతుంది, అందుకే తృటిలో తప్పినవి లెక్కపెట్టండి, ఒక రద్దీ గంట వీడియో తీసి ఎవరు సడన్ బ్రేక్ వేశారు, ఎవరు ఉలిక్కిపడి వెనక్కి గెంతారు అని చూస్తే తెలిసిపోతుంది. మొదటి పేపర్ మీద గీసిన నడక గీతలు కూడా మళ్ళీ గీయండి, గోడ పక్కనే ఉన్న గీతలు మధ్యలోకి వచ్చాయా, అప్పుడు కనపడని ముసలివాళ్ళూ వీల్‌చెయిర్లూ ఇప్పుడు కనపడుతున్నాయా చూడండి. మెయింటెనెన్స్ ఎవరిదో తెరిచే రోజే కాగితం మీద ఉండాలి, ఎందుకంటే కేబుల్ కోసం తవ్వినవాళ్ళు రాయి తీసి తారు పూసి పోతారు, ఊడిన బుడిపెల టైల్ స్థానంలో మామూలు టైల్ వచ్చి కూర్చుంటుంది, అందుకని అన్ని రకాల రాళ్ళూ టైల్సూ ఒక 5 శాతం ఎక్స్‌ట్రా కొని గోడౌన్‌లో పెట్టించండి, తర్వాత అదే రంగు అదే గరుకు దొరకదు.